రాత్రి కాంటా ఆగింది: మిర్యాలగూడ రైస్ మిల్లు నెట్‌వర్క్ కేస్ స్టడీ

పోయిన వానాకాలం పంట టైమ్‌ల, కార్తీకం నడుస్తున్నది, రాత్రి 9 దాటినంక ఫోన్ వచ్చింది. మిర్యాలగూడ దిక్కు ఒక రైస్ మిల్లు గుమాస్తా. "సారూ, కాంటా ఆగిపోయింది, ట్రాక్టర్ల లైను గేటు దాటి రోడ్డు మీదికి పోయింది, సేటు మస్తు గరం మీదున్నడు, మీరు ఇప్పుడే బయల్దేరాలె" అన్నడు. నేను నల్లగొండల ఉంట, ఆఫీసులకు, దవాఖానలకు, మిల్లులకు నెట్‌వర్క్ పని చేస్త. ఈ కేసు రాయడానికి సేటును అడిగిన, రాస్కో గానీ మిల్లు పేరు వద్దన్నడు, అందుకే పేర్లు లేవు, జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్న.

ఈ పని తెల్వనోళ్లకు ముందొక మాట. సాగర్ ఎడమ కాల్వ కింద కోతలు మొదలైతే మిర్యాలగూడ మిల్లులకు పచ్చి వడ్లు పొలంకెల్లి నేరుగ వస్తయ్. ట్రాక్టర్ లోడుతోని ఒకసారి కాంటా ఎక్కాలె, ఖాళీ అయినంక ఇంకోసారి ఎక్కాలె, రెండు బరువులు కంప్యూటర్ల పడితేనే చీటీ వస్తది, చీటీ ఉంటేనే రైతుకు లెక్క. కాంటా ఆగిందంటే మిల్లు ఆగినట్టే. ఇంకో సంగతేందంటే పచ్చి వడ్లు ట్రాక్టర్ల అట్లనే ఉంటే లోపట వేడెక్కుతయ్, గింజ రంగు మారుతది, రేటు పోతది. అంటే నెట్‌వర్క్ ఆగితే నష్టపోయేది ముందుగాల రైతు, తర్వాతే సేటు.

నేను పోయేసరికి పదిన్నర దాటింది. కాంటా రూమ్‌ల లక్షణం ఇట్ల ఉంది: బరువు స్క్రీన్ మీద మంచిగనే కనబడుతున్నది, సేవ్ కొడితే మాత్రం తిరుగుతనే ఉండి చివరికి సర్వర్ దొరకలేదని చెప్తున్నది. బరువు కనబడుడు ఎందుకంటే కాంటా మిషన్ నుంచి కంప్యూటర్‌కు నేరుగ ఒక సీరియల్ కేబుల్ ఉంటది, దానికి నెట్‌వర్క్‌తోని సంబంధం లేదు. సేవ్ కావాలంటే ఆఫీసు రూమ్‌ల ఉన్న సర్వర్ దాకా పోవాలె. మూడు రోజుల సంది ఇదే గోస అంట. సాఫ్ట్‌వేరోళ్లు నెట్‌వర్క్ ప్రాబ్లం అన్నరు, నెట్ కనెక్షన్ పిల్లగాడు వచ్చి ఫైబర్ డబ్బా మార్చిపోయిండు, ఇంకెవరో వచ్చి కేబుల్ కొసలు కొత్తగ క్రింప్ చేసిండు, రీస్టార్ట్ కొడితే ఒక్కోసారి నడుస్తున్నది ఒక్కోసారి నడుస్తలేదు, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆగుతున్నది.

ఇట్ల ఒకసారి వచ్చి ఒకసారి పోయే జబ్బు చూస్తే నేను కేబుల్ ముట్టుకోను, ముందు కంప్యూటర్ తన పేరేం చెప్పుకుంటున్నదో అడుగుత. నల్ల విండో తెరిచి, కంప్యూటర్‌కు ఏ నెట్‌వర్క్ నంబర్ ఉందో, అది ఎవరిచ్చిన్రో చెప్పే ఐపీకాన్ఫిగ్ ఆల్ అన్న కమాండ్ కొట్టిన. మిల్లుల అన్ని కంప్యూటర్లు 192.168.1 తోని మొదలైతయ్, సర్వర్‌ది 192.168.1.10. కాంటా కంప్యూటర్ చెప్పింది 192.168.0.105 అని. ఒక్క అంకె తేడా. కింద డీహెచ్‌సీపీ సర్వర్ అన్న లైన్‌ల 192.168.0.1 అని ఉంది. ఆ నంబర్ మీద మిల్లుల ఏ డబ్బా లేదు, నేను పెట్టలేదు, నెట్ పిల్లగాడూ పెట్టలేదు.

డీహెచ్‌సీపీ అంటే గేటు కాడ ట్రాక్టర్‌కు టోకెన్ ఇచ్చుడు అసొంటి పని. కొత్తగ ఆన్ అయిన కంప్యూటర్ "నాకు నంబర్ ఎవరిస్తరు" అని ఆ తీగల మీదున్న అందరికీ వినబడేటట్టు అడుగుతది, ముందు ఎవరు పలికితే వాళ్లిచ్చిన నంబర్ తీసుకుంటది, ఇచ్చినోడు అసలోడా కాదా అని చూడదు. గేటు కాడ ఇద్దరు నిలబడి టోకెన్లు ఇస్తుంటే ఏమైతదో అదే అయింది. ఆఫీసుల కంప్యూటర్లు బంద్ కాకుండ నడుస్తుంటయ్ కాబట్టి పాత నంబరే రెన్యూ చేసుకుంటున్నయ్, వాటికేం కాలేదు. కాంటా రూమ్ యూపీఎస్ బ్యాటరీ పోయింది, కరెంటు రెప్ప కొడితే కంప్యూటర్ పడి లేస్తది, లేవంగనే మళ్ళ నంబర్ అడుగుతది, దగ్గరున్న దొంగ డబ్బా ముందుగాల పలుకుతది. అది ఇంకా లేవకముందే అడిగితే మాత్రం ఆఫీసు నుంచి అసలు నంబర్ వస్తది. అందుకే ఒకసారి నడుసుడు, ఒకసారి ఆగుడు.

కాంటా రూమ్‌ల నెట్‌వర్క్ స్విచ్ ఉంది, అంటే కేబుళ్లన్నీ కలిసే డబ్బా, దాంట్ల ఐదు కేబుళ్లున్నయ్, నా లెక్కల నాలుగే ఉండాలె. ఐదోది కిటికీల నుంచి బయటికి పోయి గోడ పొంటి హమాలీల రేకుల షెడ్డుల దూరింది. సెల్ లైట్ పట్టుకొని పోయిన. షెడ్డుల ఒక చెక్క మీద ఖాళీ గోనె సంచుల కట్ట, దాని వెనక పాత వైఫై రౌటర్, దాని మీద తవుడు దుమ్ము వేలు పెడితే గుర్తు పడేంత మందం, ఆ దుమ్ము కిందికెల్లి పచ్చ లైటు కొట్టుకుంటున్నది. వెనక కేబుల్ పెట్టే నీలం రంధ్రం ఒకటి, పసుపు రంధ్రాలు నాలుగు. నీలందాంట్ల బయటినుంచి వచ్చే నెట్ కేబుల్ పెట్టాలె, పసుపు రంధ్రాలు లోపలి కంప్యూటర్లకు. మన కేబుల్ పసుపుదాంట్ల ఉంది. నీలందాంట్ల ఉంటే ఆ డబ్బా ఇచ్చే టోకెన్లు షెడ్డుల ఫోన్లకే పోతయ్, బయటికి రావు. పసుపుదాంట్ల పెట్టేసరికి మిల్లు మొత్తానికి టోకెన్లు పంచుడు మొదలుపెట్టింది.

కేబుల్ పీకి, కాంటా కంప్యూటర్‌కు కొత్త నంబర్ తెప్పించిన, 192.168.1 వచ్చింది, సేవ్ అయింది, చీటీ బయటికి వచ్చింది. పదకొండుంబావుకు లైను కదిలింది. చాలామంది రిపేరోళ్లు ఇక్కడ పైసలు తీసుకొని పోతరు. నేను పోలేదు, ఎందుకంటే ఆ డబ్బా అక్కడికి ఎందుకు వచ్చిందో తెల్వకపోతే మళ్ళ వస్తది.

సూపర్‌వైజర్ పిల్లగాడు ఒకడు భయంభయంగ వచ్చి చెప్పిండు. దసరాకు ముందు ఆఫీసు వైఫై పాస్‌వర్డ్ అందరి దగ్గర ఉండె, హమాలీలు, లారీ డ్రైవర్లు, టీ తెచ్చే పిల్లగాడు, అందరూ దాంట్లనే. సేటు హైదరాబాద్‌ల ఉన్నప్పుడు ఫోన్ల సీసీ కెమెరాలు తిరుగుతలేవని కోపమొచ్చి పాస్‌వర్డ్ మార్పించిండు. హమాలీలు బీహార్ నుంచి వచ్చినోళ్లు, పంట కాలమంత షెడ్డులనే ఉంటరు, రేకుల కింద సిగ్నల్ ఒక గీత దాటదు, ఇంటికి వీడియో కాల్ నిలబడదు. వాళ్ల బాధ చూడలేక ఈ పిల్లగాడు ఇంట్ల పడున్న రౌటర్ తెచ్చి పెట్టిండు. మంచిగ నీలందాంట్లనే పెట్టిండు, కొన్ని వారాలు ఎవరికీ ఏ ఇబ్బంది లేకుండ నడిచింది. తర్వాత ఛఠ్ పండుగకని హమాలీలు షెడ్డు కడుక్కున్నరు, చెక్క జరిపిన్రు, కేబుల్ ఊడింది, మళ్ళ పెట్టేటప్పుడు పక్క రంధ్రంల పెట్టిన్రు. వాళ్ల ఫోన్లల్ల కూడ ఆ రోజు నుంచే నెట్ పోయింది. ఊర్ల ఇంటోళ్లు నీళ్లల్ల నిలబడి సూర్యునికి అర్ఘ్యం ఇస్తుంటే వీడియోల చూద్దామనుకున్నోళ్లకు అది కనబడలే.

నాకు ఈ కేసుల అన్నిటికంటే మనసుల పడ్డది ఇదే. మూడు రోజుల కిందనే, అదే గంటల, అదే కేబుల్ వల్ల పది మందికి నెట్ పోయింది, కానీ ఆ నెట్ వాళ్లకు ఉండొద్దనే లెక్క కాబట్టి పోయిందని చెప్పే నోరు వాళ్లకు లేదు. ఒక్కరు "షెడ్డు కడిగినప్పటి సంది వస్తలేదు" అని గుమాస్తాకు చెప్పినా నేను ఫోన్లనే పది నిమిషాలల్ల పట్టుకుందును.

తెల్లారి సేటు వచ్చిండు. "తమ్మీ, అన్నీ పీకి పారెయ్, ఇగ ఎవరికీ వైఫై వద్దు" అన్నడు. నేను ఒకటే చెప్పిన, "సేటూ, దసరాకు మీరు బంద్ చేస్తేనే గదా ఈ డబ్బా వచ్చింది. మళ్ళ బంద్ చేస్తే ఇంకోటి వస్తది, ఈసారి ఇంకా లోపట దాస్తరు." ఆయనకు నచ్చలే. అప్పుడు ఇంకోటి చూపిచ్చిన. ఆ పాత రౌటర్‌ను మంచిగ నీలం రంధ్రంల పెట్టి, నా ఫోన్ దానికి కలిపి, షెడ్డుల నిలబడి సేటు ముందర కెమెరాల రికార్డర్ పేజీ తెరిచిన. పాస్‌వర్డ్ డబ్బాతోని వచ్చినదే, ఎవరూ మార్చలేదు. పదహారు కెమెరాలు తెరుచుకున్నయ్, సేటు కుర్చీ మీది కెమెరా కూడ. తర్వాత ఆఫీసు షేర్డ్ ఫోల్డర్, దాంట్ల ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ బ్యాకప్, దానికి పాస్‌వర్డే లేదు. దసరాకు ముందు ఆఫీసు వైఫై పాస్‌వర్డ్ ఉన్న ప్రతి లారీ డ్రైవర్‌కూ ఈ తలుపులు ఇట్లనే తెరిచి ఉండె. హమాలీలు ఎన్నడూ వాటి జోలికి పోలేదు, అది వాళ్ల మంచితనం, నెట్‌వర్క్ గొప్పతనం కాదు.

సేటు చాలాసేపు మాట్లాడలే. తర్వాత అడిగిండు, "మరి ఇది ప్రైవేట్ నెట్‌వర్కే గదా, 192 నంబర్లు ప్రైవేట్ అని నువ్వే చెప్పినవ్."

ఇక్కడ చాలామంది తప్పు అర్థం చేసుకుంటరు, అందుకే కొంచెం ఆగి చెప్త. 192.168, 10, 172.16 నుంచి 172.31 దాకా, ఈ మూడు వరుసలను 1996ల ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే కాగితంల సొంత వాడకానికి వదిలిపెట్టిన్రు. ఇవి బయటి ఇంటర్నెట్‌ల తిరగవు, అందుకే నీ ఇంట్ల 192.168.1.10, నా ఇంట్ల 192.168.1.10 ఉన్నా కొట్లాట లేదు. అంతవరకే ప్రైవేట్ అన్న మాటకు అర్థం. గోడ లోపట ఎవరున్నరో దానికి సంబంధం లేదు. లోపటికి ఎవరు పడితే వాళ్లు రాగలిగితే, నంబర్ ఏదైనా అది పబ్లిక్ నెట్‌వర్కే. బస్టాండ్ల వైఫై కూడ ఇసొంటి ప్రైవేట్ నంబర్లే ఇస్తది, అంతమాత్రాన అది ప్రైవేట్ అయితదా?

కెమెరాల సంగతి కూడ ఇక్కడికే వస్తది. ఫోన్ల కెమెరాలు కనబడాలని అంతకుముందు ఎవరో పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటినుంచి వచ్చినోళ్లను నేరుగ రికార్డర్ కాడికి పంపే తలుపు, పెట్టిపోయిన్రు, అది ఎన్నడూ పనిచేయలే. ఫైబర్ డబ్బాల చూస్తే బయటి దిక్కు అడ్రస్ 100.70 తోని ఉంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న వరుస 2012ల నెట్ కంపెనీలకు ఇచ్చిన్రు, వందల ఇండ్లను ఒక పబ్లిక్ అడ్రస్ వెనక కట్టేయడానికి. ఐపీవీ4 అనే పాత పద్ధతిల మొత్తం అడ్రస్‌లు 429 కోట్లే, 2011 ఫిబ్రవరికి దునియాకు అడ్రస్‌లు పంచే పై గోదాం ఖాళీ అయింది, అందుకే ఈ ఏర్పాటు. అసొంటి కనెక్షన్‌ల బయటినుంచి లోపటికి నేరుగ తలుపు తట్టుడు కుదరదు. సేటుకు ఎవరో స్టాటిక్ ఐపీ, అంటే మారని సొంత పబ్లిక్ అడ్రస్, కొనుక్కో అని సలహా ఇచ్చిన్రంట, కొనడానికి రెడీ ఉన్నడు. నేను వద్దే వద్దన్న. కొంటే ఆ ఫార్వర్డింగ్ నిజంగ పనిచేస్తుండె, మార్చని పాస్‌వర్డ్ తోని ఆ రికార్డర్ దునియా మొత్తానికి తెరుచుకుంటుండె. 2016ల మిరాయ్ అనే వైరస్ సరిగ్గ ఇట్లనే, కంపెనీ పాస్‌వర్డ్‌తోని వదిలేసిన కెమెరాలను, రౌటర్లను లక్షల లెక్కన పట్టుకొని అమెరికాల పెద్ద పెద్ద సైట్లను పండబెట్టింది. కెమెరాలు బయటినుంచి చూడాలంటే, మిల్లు డబ్బా తానే ముందు బయటికి కలిసే రకం వీపీఎన్, అంటే తాళమేసిన సొంత దారి, పెట్టుకోవాలె. అంటే సేటు ఫోన్ ముందు తన గుర్తు చూపించి లోపటికొస్తది, తర్వాత కెమెరా చూస్తది.

ఇగ డిజైన్. నేను స్విచ్ కొనకముందు గుమాస్తా పెద్దాయనను కూసోబెట్టుకొని ఒక నోట్‌బుక్ల రాసిన, ఈ మిల్లుల నెట్ ఎవరెవరు వాడుతరు, ఏం చూడాలె, ఏం చూడొద్దు. ఒక గంట పట్టింది, మొత్తం పనిల విలువైన గంట అదే. నాలుగు గుంపులు తేలినయ్. కాంటా, సర్వర్, ప్రింటర్, ట్యాలీ కంప్యూటర్లు ఒకటి. కెమెరాలు, రికార్డర్ ఒకటి. సేటు ఇంటోళ్ల ఫోన్లు, ఆఫీసు స్టాఫ్ ఫోన్లు ఒకటి. హమాలీలు, డ్రైవర్లు, లోడు తెచ్చిన రైతులు ఒకటి. రైతులను నేను మర్చిపోయిన, పెద్దాయనే గుర్తు చేసిండు, "లైన్ల నాలుగైదు గంటలు కూసుంటరు సారూ, వాళ్లెక్కడికి పోవాలె" అని.

నాలుగు గుంపులకు నాలుగు వేర్వేరు కేబుళ్లు గుంజే పని లేదు. వీల్యాన్ అని ఉంటది, ఒకటే తీగల ప్రతి గుంపుకు వేరే నంబర్ ముద్ర వేసి పంపుతది, ఒకరి ప్యాకెట్ ఇంకొకరికి కనబడదు. సేటుకు కాల్వ లెక్కల చెప్పిన, పెద్ద కాల్వ ఒక్కటే, తూములు వేరు, ఎవరి తూము తెరవాల్నో రౌటర్ చేతిల ఉంటది. వెంటనే అర్థమైంది ఆయనకు, ఎడమ కాల్వ కింద పొలం ఉన్న మనిషి.

ఇది మనం కనిపెట్టింది కాదు, పెద్ద నెట్‌వర్కులన్నీ ఇట్లనే బతుకుతయ్. బ్యాంకు ఏటీఎంకు వచ్చే లైన్ టెలికం కంపెనీదే అయినా లోపట దారి బ్యాంకుకే వేరుగ ఉంటది. సర్కారు ఆఫీసులకు హైదరాబాద్ నుంచి జిల్లా, మండలం దాకా స్టేట్ వైడ్ ఏరియా నెట్‌వర్క్ ఉంది, అది ఇంటర్నెట్ కాదు, వాళ్ల సొంత బాట. మిషన్ భగీరథ నీళ్ల పైపులకు తీసిన కందకంలనే టీ ఫైబర్ అనే సర్కారు ఇంటర్నెట్ పథకం పైపులు వేసిన్రు, ఊరికి పోయే ఆ ఒక్క ఫైబర్ల పంచాయతీ ఆఫీసుకొక దారి, ఇండ్లకొక దారి ఇయ్యొచ్చు. పబ్లిక్ దిక్కు చూస్తే, 2020 డిసెంబర్ల కేంద్రం పీఎం వాణి అనే పబ్లిక్ వైఫై పథకం తెచ్చింది, టీ కొట్టోడు కూడ లైసెన్స్ లేకుండ వైఫై అమ్ముకోవచ్చు. అందరికీ నెట్ ఇచ్చుడు తప్పు కాదు, అందరినీ ఒక్క రూమ్‌ల కూసోబెట్టుడు తప్పు.

పంట టైమ్‌ల మొత్తం మార్చే ధైర్యం నేను చేయలే, చేయొద్దు కూడ. ముందు రెండు పనులే. కాంటా రూమ్, ఆఫీసు స్విచ్‌లు మార్చి డీహెచ్‌సీపీ స్నూపింగ్ పెట్టిన, అంటే అసలు రౌటర్ ఉన్న పోర్టు నుంచి తప్ప ఇంకెక్కడినుంచి టోకెన్ వచ్చినా స్విచ్ అక్కడనే పడేస్తది. కొనేటోళ్లకు ఒక మాట: వీల్యాన్ ఉందని చెప్పి అమ్మే చవక స్మార్ట్ స్విచ్‌లల్ల చాలావాటికి ఈ స్నూపింగ్ ఉండదు, అడిగి కొనుండ్రి. రెండోది, షెడ్డుల, గేటు కాడ వైఫై పెట్టిన, ఇంటర్నెట్ తప్ప మిల్లుల ఏదీ కనబడదు, ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్ కూడ కనబడదు, ఒక్కొక్కరికి 3 ఎంబీపీఎస్, వీడియో కాల్‌కు అది చాలు. హమాలీలకు ఎవరి పేరు మీద వాళ్లకు వోచర్, రిజిస్టర్ల రాసి ఇచ్చినం. డ్రైవర్లకు, రైతులకు కాంటా చీటీతోని 8 గంటల వోచర్ చించి ఇస్తరు. ఎవరు ఎప్పుడు కలిసిన్రో లాగ్ ఉంటది, 2022 ఏప్రిల్ల కేంద్రం సైబర్ భద్రత సంస్థ సర్ట్ ఇన్ ఇచ్చిన ఆర్డర్ కంపెనీలను 180 రోజుల లాగ్‌లు దాచుమన్నది, కాబట్టి ఆ మేరకు పెట్టిన.

మిగిలింది సంక్రాంతి అయినంక చేసిన. ఆఫీసు నంబర్లు 192.168 నుంచి 10.10 వరుసకు మార్చిన, కారణం ఉంది: ఇంట్లకెల్లి తెచ్చే రౌటర్లు దాదాపు అన్నీ 192.168 తోనే వస్తయ్, అందుకని ఎప్పుడన్న ఏ స్క్రీన్ మీదన్న 192 కనబడితే బయటిదని చూడంగనే తెలుస్తది. ఆఫీసు నుంచి కాంటా రూమ్‌కు 140 మీటర్లు, కాపర్ కేబుల్‌కు హద్దు 100, పాతోళ్లు నడుమ మోటర్ల ప్యానెల్ రూమ్‌ల ఒక స్విచ్ పెట్టి లాగిన్రు, అది తీసేసి ఫైబర్ వేసిన. ఇక్కడ నాతోని ఒక తప్పు జరిగింది. వేలిముద్ర హాజరు మిషన్‌ల పాత నంబర్ చేత్తోని కొట్టి ఉంది, నేను నోట్‌బుక్ల రాసుకోలే, నాలుగు రోజులు హాజరు ఆఫీసుకు రాలే. కూలి లెక్కల దినం పెద్దాయన గాభరా పడి ఫోన్ చేసిండు. మిషన్ తన లోపట దాచుకుంటది కాబట్టి ఒక్క రోజు కూడ పోలే, నంబర్ మార్చంగనే అన్నీ వచ్చినయ్. కానీ అది జనం కూలి సంగతి, ముందు చూసుకోవాల్సింది నేనే. అప్పటి సంది చేత్తోని నంబర్ కొట్టిన డబ్బాలను వేరే పేజీల రాస్తున్న.

యాసంగి కోతలు మొదలైనంక ఏప్రిల్ల ఒక రాత్రి గాలివాన, మెరుపులు. తెల్లారి పావుతక్కువ ఆరుకు ఫోన్, గుమాస్తా కాదు, హమాలీల మేస్త్రి. వోచర్ కాగితం మీద నా నంబర్ అచ్చేయించిన, అది చూసి చేసిండు. "భయ్యా, షెడ్ మే నెట్ నహీ ఆ రహా, రాత్ సే" అన్నడు. ఇంట్లకెల్లే చూస్తే ఆఫీసు దాకా అన్నీ ఉన్నయ్, కాంటా రూమ్ స్విచ్ కనబడతలేదు. పెద్దాయనకు ఫోన్ కొట్టి స్పేర్ డబ్బాల ఉన్న ఫైబర్ కన్వర్టర్ అడాప్టర్ మార్పించిన, పాతది కాలిన వాసన వస్తున్నదన్నడు. ఆరున్నరకు లైట్లు వెలిగినయ్. ఏడింటికి మొదటి ట్రాక్టర్ కాంటా ఎక్కింది.